కారు బ్రేకు ప్యాడులు, డిస్కులు: ఇంటివద్ద మార్చుకొను విధము



ఈ పూట నేను ముచ్చటింపబోవునది మోటారు కారు బ్రేకులను గూర్చి. ఇది మెకానిక్కుల పని గదా, మన కేల యని మీలో కొందఱకు తోచవచ్చును. ములకలపల్లి నుండి పాల్వంచ వైపునకు పోవు దారి అడవి నడుమ సాగును. మునిమాపువేళ మందలు ఇండ్లకు మఱలునపుడు మలుపు తిరుగగనే ఆవో దూడయో అడ్డము వచ్చుట మీ రెఱిగినదే. అట్టి క్షణమున కారులోని బిడ్డలకును, దారిలోని పశువునకును ముఖ్యాధారము ముందుచక్రములలోని నాలుగు ప్యాడులు. ఒక్కొక్కటి అరచేతి కంటె చిన్నది.

ఇప్పుడు చాల యిండ్లలో కారు కలదు. కొడుకో మనుమడో పట్నమునుండి క్రొత్త ప్యాడులు తెచ్చి, "తాతా, నేనే మార్చెదను" అనును. వానిని వారింపుడని నేను చెప్పను. పని తెలిసిన వానిచేత ఒకసారి చూపించుకొన్నవాడు చేయదగిన పనియే. కాని మీరు ప్రక్కన మంచము వేసికొని కూర్చుండి, నేను చెప్పబోవు నాలుగు చోట్ల వానిని నిలిపి ప్రశ్నింపవలెను.

మొదట దీని పోకడ వినుడు. కుమ్మరి సారె తిరుగుచుండగా దాని అంచును రెండు ప్రక్కలనుండి వ్రేళ్లతో బిగించి పట్టినచో అది నిలిచిపోవును. డిస్కు బ్రేకు సరిగా అదియే. డిస్కు అనునది చక్రముతోపాటు తిరుగు పోతయినుప బిళ్ల. దానిని ఇరుప్రక్కల నొక్కునవి ప్యాడులు. వానిని పట్టియుండు ఇనుప దౌడ క్యాలిపరు. కాలితో పెడలు నొక్కగా బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని గొట్టములగుండ మోసికొనిపోయి పిస్టనును త్రోయును.

ఆగిన కారు వేగ మెక్కడికి పోవును? వేడిగా మాఱును. వెయ్యి కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవుచు ఆగినపుడు పుట్టు వేడి, రమారమి ముప్పాతిక లీటరు నీటిని మరుగువఱకు కాచుటకు చాలును. వేగము రెట్టింపైనచో వేడి నాలుగింతలగును. ప్యాడు అరుగుట కిదియే కారణము.

బండిచక్రమునకు కొయ్యదిమ్మెను ఒత్తి ఆపుట పాత పద్ధతి. ఇంగ్లండులో హెర్బర్టు ఫ్రూడు అనునతడు, రైతులు ఆ దిమ్మెకు పాత బూట్ల తోలు కొట్టుకొనుట చూచి, 1897లో బ్రేకు పట్టీల తయారీకి పూనుకొనెనని చెప్పుదురు. రైతు తెలివియే అందుకు మూలమగుట నాకు ముచ్చటగా నుండును. ఆ దేశమందే ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లో డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వారు కార్లు గెలిచిన పిదప లోకమంతయు దానిని మెచ్చినది.

ప్యాడు అరిగినదని తెలియుట యెట్లు? కొన్నిటికి చిన్న ఇనుపరేకు అమర్చి యుందురు. అరుగుదల దానివఱకు వచ్చినపుడు బ్రేకు నొక్కగనే కీచుమని అరచును. ఆ కూత విని ఊరకుండరాదు. తరువాత వచ్చునది గరగర శబ్దము. అప్పటికి ఇనుము ఇనుమును కొఱుకుచుండును, డిస్కు చెడిపోవును. రాపిడి పొర మూడు మిల్లీమీటర్లకు దిగినచో మార్చుటయే మేలు. డిస్కు ఎంత పలుచబడు వఱకు వాడవచ్చునో ఆ కొలత సాధారణముగా దానిమీదనే చెక్కియుండును. అంతకు తక్కువైనను, పగులు కనబడినను మార్చవలెను. ఒక ప్రక్క మార్చి రెండవ ప్రక్క విడుచుట తగదు. బ్రేకు వేసినపుడు కారు ఒకవైపునకు లాగును. క్రొత్త డిస్కునకు క్రొత్త ప్యాడులే వేయవలెను.

ఇక పని. కారును గట్టి సమతలమున నిలుపవలెను. వానకు నానిన వాకిట జాకీ క్రుంగును. చేతిబ్రేకు వేసి, వెనుకచక్రములకు ముందు వెనుకల రాళ్లు అడ్డము పెట్టవలెను. చక్రపు నట్లను నేలమీదనుండగనే పానాతో కొంచెము వదులు చేసి, పిమ్మట జాకీతో ఎత్తవలెను. మీ మొదటి ప్రశ్న యిచ్చటనే: "స్టాండు పెట్టితివా?" జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. జాకీ జాఱినచో క్రింద నున్నవాని ప్రాణమునకే ముప్పు. ఇటుకలు పేర్చుట అంతకంటె ప్రమాదము. బరువునకు ఇటుక చెప్పకయే చిట్లును.

చక్రము తీసి, క్యాలిపరు బోల్టులు విప్పి దానిని పైకి తీయునపుడు రెండవ ప్రశ్న. క్యాలిపరును రబ్బరు గొట్టముమీద వ్రేలాడనీయరాదు. గొట్టము లోపల చినుగును, బయటికి కనబడదు. తీగతో పైనున్న స్ప్రింగునకు కట్టవలెను. అచ్చటి నల్లని పొడిని నోటితో ఊదరాదు. పాత పట్టీలలో ఆస్బెస్టాసు ఉండెడిది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడువవలెను. పిస్టనును మెల్లగా వెనుకకు నొక్కునపుడు పైనున్న ఆయిలు డబ్బా పొంగకుండ చూడవలెను. ఆ ఆయిలు కారు రంగును తినివేయును.

డిస్కు తీయుటకు క్యాలిపరు పట్టెడను గూడ విప్పవలెను. మన వానలకును, వాగుల నీటికిని డిస్కు తుప్పుపట్టి హబ్బునకు అంటుకొనియుండును. సుత్తితో చుట్టును మెల్లగా తట్టినచో వదలును. మూడవ ప్రశ్న: "హబ్బు తుప్పు గీకితివా?" తీగబ్రష్షుతో మెఱయునట్లు గీకవలెను. ఇసుకరేణువంత తుప్పు మిగిలినను క్రొత్త డిస్కు వంకరగా తిరిగి, పెడలు కాలిక్రింద వణకును. కుఱ్ఱవాండ్రు ఎక్కువగా దాటవేయు పని యిదియే. క్రొత్త డిస్కుమీది నూనెపూతను బ్రేకు క్లీనరుతో కడుగవలెను. గ్రీజు జాఱుడు పిన్నులకే గాని రాపిడి తలమునకు తగులరాదు. బోల్టుల బిగువు కారు పుస్తకములో చెప్పినంత.

చక్రము తగిలించి, నట్లను ఎదురెదురుగా బిగించి, కారును దించినపిదప నాల్గవ ప్రశ్న, అన్నిటికంటె పెద్దది. "కదల్పకమునుపు పెడలు నొక్కితివా?" పిస్టను వెనుకకు పోయియున్నందున మొదటి త్రొక్కునకు పెడలు నేలవఱకు పోవును, బ్రేకు పడదు. అది గట్టిపడు వఱకు పలుమార్లు నొక్కిన తరువాతనే బండి కదలవలెను. ఎంత నొక్కినను మెత్తగనే యున్నచో గొట్టములలో గాలి చేరినదన్నమాట. ఆ బండిని త్రోలనీయక మెక్కానిక్కును ఇంటికే పిలిపింపుడు.

పిమ్మట జనములేని దారిలో ఏబది కిలోమీటర్ల వేగమునుండి పదికి మెల్లమెల్లగా, నడుమ చల్లారనిచ్చుచు, పదిమార్లు తగ్గింపవలెను. ప్యాడు డిస్కునకు కుదురుకొనును. తొలి రెండువందల కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయవలసిన తొందర పెట్టుకొనరాదు. వాగు దాటిన వెంటనే ఒకటి రెండుమార్లు తేలికగా నొక్కినచో తడి ఆఱును. చక్రపు నట్లను నూఱు కిలోమీటర్ల లోపల మఱల ఒకసారి బిగించి చూడవలెను.