కలర్డ్: ఒక గడిలో 50 లక్షల మంది

1985లో దక్షిణాఫ్రికాలో 702 మంది కలర్డ్‌లు తెల్లవాళ్లయిపోయారు. 19 మంది తెల్లవాళ్లు కలర్డ్‌లయ్యారు. 249 మంది నల్లజాతివారు కలర్డ్ గడిలోకి వచ్చారు, 20 మంది కలర్డ్‌లు నల్లజాతి గడిలోకి వెళ్లారు. 50 మంది ఇండియన్లు కలర్డ్‌లైతే, 43 మంది కలర్డ్‌లు ఇండియన్లయ్యారు. నల్లవారి నుంచి నేరుగా తెల్లవారిలోకి మారినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. వీళ్లలో ఎవరి ఒంటి రంగూ మారలేదు, ఎవరి తాతముత్తాతలూ మారలేదు. మారిందల్లా ప్రభుత్వ రిజిస్టర్లో ఒక గడి.

ఆ రిజిస్టర్‌కు ఆధారమైన చట్టం 1991లో రద్దయింది. గడి మాత్రం పోలేదు. దక్షిణాఫ్రికా జనగణన ఫారంలో ‘కలర్డ్’ ఇప్పటికీ ఉంది. అమెరికాలో ఈ మాట నల్లవారికి అవమానం. అందుకే జొహానెస్‌బర్గ్‌లో పుట్టి 2024లో గ్రామీ అందుకున్న గాయని టైలా తనను తాను కలర్డ్ అని చెప్పుకున్నప్పుడు అమెరికాలో పెద్ద రభసే జరిగింది. దక్షిణాఫ్రికాలో మాత్రం లక్షలమంది తమను తాము పిలుచుకునే పేరు అది.

వాళ్లెవరు అనే ప్రశ్నకు జనగణన ఒక జవాబు చెబుతుంది, డీఎన్‌ఏ మరొకటి చెబుతుంది, పాత చట్టం ఇంకొకటి చెప్పింది. మూడూ అంకెల్లోనే మాట్లాడతాయి కానీ, మూడూ లెక్కపెట్టేది ఒకే విషయాన్ని కాదు.

ఎంతమంది, ఎక్కడ

2022 జనగణన ప్రకారం దక్షిణాఫ్రికా జనాభా 6.2 కోట్లు. అందులో నల్లజాతి ఆఫ్రికన్లు 81.4 శాతం, కలర్డ్‌లు 8.2 శాతం, తెల్లవారు 7.3 శాతం, ఇండియన్లు, ఇతర ఆసియన్లు కలిపి 2.7 శాతం. అంటే కలర్డ్‌లు సుమారు 50.5 లక్షలు, తెల్లవారికంటే ఎక్కువే. ఈ జనగణనలో సిబ్బందికి అందకుండా పోయినవారు 31 శాతమని తర్వాతి సర్వేలో తేలింది కాబట్టి, పై అంకెలన్నీ ఆ మేరకు సవరించి ప్రకటించినవి. దశాంశాలను మరీ పట్టుకుని వేలాడకూడదు.

8.2 అనే జాతీయ సగటు చూస్తే ఇదొక చిన్న మైనారిటీ. మ్యాప్ చూస్తే కథ మారిపోతుంది. కేప్‌టౌన్ రాజధానిగా ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో కలర్డ్‌లు 42.1 శాతం, అక్కడ అన్ని వర్గాలకంటే వాళ్లే ఎక్కువ. ఎడారి అంచున జనం పల్చగా ఉండే నార్తర్న్ కేప్‌లో 41.6 శాతం. దేశంలోని ప్రతి పదిమంది కలర్డ్‌లలో ఆరుగురు ఒక్క వెస్టర్న్ కేప్‌లోనే ఉన్నారు. రెండు రాష్ట్రాలూ కలిపితే నలుగురిలో దాదాపు ముగ్గురు. దేశం మొత్తమ్మీద పన్నెండో వంతుగా ఉన్నవాళ్లు కేప్‌టౌన్ వీధుల్లో ఎటు చూసినా కనిపించేది ఇందుకే.

ఓడల్లో వచ్చిన 63,000 మంది

ఇలా ఒక్కచోట చేరడానికి కారణం 1652లో మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో యాన్ వాన్ రీబెక్ కేప్ తీరంలో దిగి, ఆసియాకు వెళ్లే డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలకు కూరగాయలు, మాంసం అందించే మజిలీ పెట్టాడు. అక్కడ అప్పటికే పశువులు మేపుకొనే ఖోయ్‌ఖోయ్‌లు, వేటతో బతికే సాన్‌లు వేల ఏళ్లుగా ఉంటున్నారు. ఈ రెండు జనాలనూ కలిపి ఖోయ్‌సాన్ అంటారు. 1713లో ఓడల మీద వచ్చిన మశూచి వాళ్లలో చాలామందిని తుడిచిపెట్టింది. మిగిలినవాళ్లు మేత భూములు పోగొట్టుకుని తెల్ల రైతుల దగ్గర పాలేర్లయ్యారు.

పనికి మనుషులు చాలక కంపెనీ 1658 నుంచి బానిసలను పెద్దఎత్తున దించింది. 1808లో బ్రిటిష్ పాలకులు ఈ వ్యాపారం ఆపేలోపు కేప్‌కు చేరిన బానిసలు సుమారు 63,000 మంది అని చరిత్రకారుల అంచనా. మొజాంబిక్ తదితర ఆఫ్రికా తీరాల నుంచి, మడగాస్కర్ నుంచి, భారత్ నుంచి, ఇండోనేసియా దీవుల నుంచి ఇంచుమించు నాలుగో వంతు చొప్పున వచ్చారు.

తెలుగువారికి ఇక్కడ ఒక లింకుంది. కేప్ రికార్డుల్లో బానిసల పేర్ల చివర ఊరో, తీరమో తగిలించేవారు: బెంగాల్, మలబార్, మకస్సర్, మడగాస్కర్. కోరమాండల్ నుంచి వచ్చినవారికి ఒక్కోసారి ఉత్త ‘తీరం’ అనే ఉండేది. ఆ తీరంలో డచ్చివారి స్థావరాలు పులికాట్‌లో, మచిలీపట్నంలో, భీమునిపట్నంలో, పాలకొల్లులో ఉండేవి. 17వ శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా ఇక్కడ మనుషుల ధర పడిపోయేది, ఓడలు నిండేవి. ఎక్కువ ఓడలు బటావియాకు (నేటి జకార్తా), సింహళానికి పోయినా కొందరు కేప్‌కూ చేరారు. వాళ్లలో తెలుగు మాట్లాడేవారెందరో, తమిళం మాట్లాడేవారెందరో ఆ గుమస్తాల చిట్టాలు విడదీసి రాయలేదు. 1860 తర్వాత చెరకు తోటల కోసం నాటాల్‌కు వెళ్లిన 1,52,000 మంది కూలీల చరిత్ర దీనికి వేరు. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు, వాళ్ల వారసులు నేటి లెక్కల్లో ఇండియన్లు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు వెళ్లిన భారతీయుల సంతతి మాత్రం చాలావరకు కలర్డ్ గడిలో ఉంది.

చాలావరకు అంతే, అందరూ కాదు. ఆంజెలా అనే బెంగాలీ బానిసనే తీసుకుందాం. ఆమె వాన్ రీబెక్ ఇంట్లో పనిచేసింది. 1666లో స్వేచ్ఛ పొందింది, 1669లో ఆర్నల్డస్ బాసన్ అనే యూరోపియన్‌ను పెళ్లాడింది. ఆ బాసన్ల వారసుల్లో ఎంతోమంది తర్వాతి శతాబ్దాల్లో ఆఫ్రికాన్స్ భాష మాట్లాడే తెల్ల ఆఫ్రికానర్లుగా లెక్కకెక్కారు.

డీఎన్‌ఏ చెప్పేది, చెప్పనిది

2010లో కేప్‌టౌన్ శివార్లలోని 959 మంది కలర్డ్‌ల జన్యువులను పరిశీలించిన అధ్యయనంలో తేలిన వాటాలివి: ఖోయ్‌సాన్ 32–43 శాతం, బంటూ భాషల ఆఫ్రికన్లు 20–36 శాతం, యూరోపియన్లు 21–28 శాతం, ఆసియన్లు 9–11 శాతం. ప్రపంచంలో ఇంత వైవిధ్యమున్న మిశ్రమం అరుదు.

ఈ అంకెలను చదవడంలో రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, ఇవి ఒక గుంపు సగటులు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల్లోనే ఈ వాటాలు వేరుగా ఉంటాయి. ఊరు మారితే ఇంకా మారతాయి. రేవుకు దగ్గరగా ఉన్న కేప్‌టౌన్ పాతబస్తీ కుటుంబాల్లో ఆసియా వాటా ఎక్కువ, లోపలి కోల్స్‌బర్గ్ వంటి ఊళ్లలో ఖోయ్‌సాన్ వాటా ఎక్కువ. సగటు కలర్డ్ మనిషి అంటూ ఎవరూ ఉండరు.

రెండోది, ఎవరి నుంచి ఎంత అన్నది ఒక్క శాతంతో తేలదు, తల్లివైపా తండ్రివైపా అన్నదీ చూడాలి. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను చూసిన మరో అధ్యయనంలో ఖోయ్‌సాన్ వాటా 60 శాతం దాకా వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో అది చాలా తక్కువ. ఓడలు దిగిన సైనికుల్లో, నావికుల్లో, బానిసల్లో మగవాళ్లే ఎక్కువ. స్థానిక ఆడవాళ్ల మీద వాళ్లకున్న అధికారం కూడా ఈ 60 శాతంలో ఉంది. కేప్‌టౌన్‌లో కంపెనీ బానిసలను ఉంచిన స్లేవ్ లాడ్జ్ అనే భవనం ఇప్పుడు మ్యూజియం. రోజూ సాయంత్రం కొంతసేపు దాన్ని సైనికులకు, నావికులకు వేశ్యాగృహంగా వదిలేసేవారు. 1775 నుంచి మరో నిబంధన వచ్చింది. బానిస తండ్రికి, ఖోయ్ తల్లికి పుట్టిన పిల్లలు చట్టప్రకారం స్వతంత్రులే అయినా, 25 ఏళ్లు వచ్చేదాకా యజమాని దగ్గర ఊరికే చాకిరీ చేయాలి. ఈ కలయికలన్నీ ఇష్టపడి చేసుకున్న పెళ్లిళ్లు కావు.

మరి మిశ్రమ రక్తమే కలర్డ్‌కు గుర్తా? 77 మంది ఆఫ్రికానర్ల జన్యువులు చూస్తే వాళ్లలోనూ సగటున 5 శాతం దాకా ఆఫ్రికా, ఆసియా మూలాలు బయటపడ్డాయి. గీతకు రెండువైపులా మిశ్రమం ఉంది. గీత మాత్రం రక్తం గీసింది కాదు.

గీత గీసిన చట్టం

1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి పౌరుడికీ ఒక జాతి ముద్ర వేసింది. చూడగానే తెల్లగా ఉన్నవారు, తెల్లవారిగా చలామణీ అయ్యేవారు తెల్లవారు. ఆఫ్రికా ఆదివాసులు ‘నేటివ్’లు. ఈ రెండూ కానివారు కలర్డ్‌లు. అంటే కలర్డ్ ఎవరో చట్టం చెప్పలేదు, ఎవరు కాదో చెప్పి వదిలేసింది. 1959లో ఆ మిగులు గడిని ఏడు ముక్కలు చేశారు: కేప్ కలర్డ్, మలయ్, గ్రీక్వా, చైనీస్, ఇండియన్, ఇతర ఆసియన్, ఇతర కలర్డ్. విడ్డూరమేమిటంటే, ఆ నేలకు అందరికంటే ముందువాళ్లైన ఖోయ్ ప్రజల వారసులు కూడా ‘నేటివ్’ల్లో కాక ఈ గడిలోనే పడ్డారు.

సందేహం వస్తే అధికారులు జుట్టులో పెన్సిల్ పెట్టి చూసేవారు. పెన్సిల్ జారి కిందపడితే ఒక జాతి, జుట్టులో ఇరుక్కుంటే మరో జాతి. 1955లో తెల్ల తల్లిదండ్రులకు పుట్టిన సాండ్రా లైంగ్‌ను ఒంటి ఛాయ, ఉంగరాల జుట్టు చూసి పదేళ్ల వయసులో బడి నుంచి పంపేశారు. 1966లో ఆమెను కలర్డ్‌గా మార్చారు, మరుసటి ఏడాది మళ్లీ తెల్లపిల్లగా రాశారు.

ఏ గడిలో ఉన్నారన్నదాన్ని బట్టే ఇల్లు, బడి, పెళ్లి, ఓటు. 1956లో కేప్ కలర్డ్‌ల పేర్లు ఉమ్మడి ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. 1966 ఫిబ్రవరి 11న కేప్‌టౌన్ నడిబొడ్డునున్న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, సుమారు 60,000 మందిని ఊరవతల కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మైదానాలకు తరలించారు. ఇళ్లు బుల్డోజర్లకిచ్చి, చర్చిలను, మసీదులను మాత్రం వదిలారు. 1994లో అక్కడొక పాత మెథడిస్టు చర్చిలో మ్యూజియం తెరిచారు. నేల మీద ఆ పేట పటం పెద్దదిగా పరిచి ఉంటుంది. వచ్చిన పాత కాపురస్తులు వంగి, తమ వీధి వెతుక్కుని, ఇల్లు ఉన్నచోట తమ పేరు రాస్తారు.

ఎన్నో మూలాలవాళ్లను ఒక జనంగా బిగించింది ఇదే. తాతలు వేరువేరు ఓడల్లో దిగినా, మనవలను ఒకే లారీలో ఎక్కించి ఒకే ఇసుకలో దించారు.

చట్టం ఇవ్వనివి

అలాగని కలర్డ్ అంటే చట్టం చేసిన గాయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2011 జనగణనలో, డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్‌ను మాతృభాషగా చెప్పుకున్నవారు 68 లక్షలు. అందులో సగంమంది కలర్డ్‌లు, తెల్లవారు 40 శాతమే. తెల్లవారి ఏలుబడి భాషగా ప్రపంచానికి తెలిసిన ఈ భాష పుట్టింది వంటిళ్లలో, బానిసల నోళ్లలో కూడా. కేప్ ముస్లింలు దాన్ని అరబిక్ లిపిలో రాసుకున్నారు. అబూబకర్ ఎఫెండీ రాసిన అలాంటి మతగ్రంథం ఒకటి 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది.

ఆదివారం పొద్దున కేప్ ఫ్లాట్స్‌లో ఇంటింటా అమ్మకానికి వచ్చేది కూసిస్టర్. సోంపు, దాల్చినచెక్క, ఏలకులు, ఎండిన కమలా తొక్క వేసి కలిపిన పిండి పొంగాక నూనెలో వేయించి, పంచదార పాకంలో ముంచి, కొబ్బరి కోరులో దొర్లిస్తారు. ఆఫ్రికానర్లకూ దాదాపు ఇదే పేరుతో ఒక మిఠాయి ఉంది, అది జడలా అల్లి కరకరలాడేలా చేస్తారు, మసాలా తక్కువ. సమోసా, అచార్, బిర్యానీ కూడా కేప్ వంటిళ్లలో ఎప్పటినుంచో సొంత వంటలే.

జనవరి 2న కేప్‌టౌన్ వీధుల్లో మెరిసే పట్టు దుస్తులతో, బాంజోలతో, ఘూమా డప్పులతో బృందాలు ఊరేగుతాయి. కొత్త సంవత్సరం రోజంతా యజమానుల విందుకు చాకిరీ చేసిన బానిసలకు మర్నాడు సెలవిచ్చేవారు. ఆ సెలవే ఈ పండగ. ఫిబ్రవరి, ఏప్రిల్, సెప్టెంబర్ వంటి ఇంటిపేర్లూ ఆ రోజులవే. పాత పేరు చెరిపి, నెల పేరు పెట్టేవారు.

ఏ అంకె దేనికి

లెక్క తప్పుగా వాడితే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. జైళ్ల శాఖ 2010–14 ఉద్యోగాల ప్రణాళికలో కలర్డ్‌లకు లక్ష్యం 8.8 శాతం అని జాతీయ సగటును దించేసింది. వెస్టర్న్ కేప్‌లో అప్పటి జనాభాలో సగందాకా కలర్డ్‌లే కాబట్టి అక్కడి జైళ్లలో ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయింది. దాంతో పదోన్నతులు ఆగిపోయిన సిబ్బంది కోర్టుకెక్కారు. వర్ణవివక్షకు బలైన వర్గానికి, ఆ అన్యాయాన్ని సరిదిద్దే చట్టమే ఎదురు తిరిగినట్టయింది. 2016 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చిందేమిటంటే, ఒక వర్గం ప్రాతినిధ్యం మించినప్పుడు పదోన్నతి నిరాకరించవచ్చు, కానీ ఆ కొలతకు జాతీయ జనాభాతో పాటు ఆ ప్రాంత జనాభానూ చూడాలి, శాఖ అలా చూడలేదు.

డీఎన్‌ఏ శాతం పూర్వీకుల ప్రయాణాలు చెబుతుంది. చట్టం లెక్క ఎవరు ఎవరిని ఎక్కడికి నెట్టారో చెబుతుంది. తమను తాము ఏమనుకుంటున్నారో చెప్పేది జనగణన ఒక్కటే. ఎందుకంటే 1996 నుంచి అక్కడ గడి ఎంచుకునేది మనిషే, అధికారి కాదు. ఆ ఏడాది 36 లక్షల మంది కలర్డ్ అని రాయించుకున్నారు, 2011లో 46 లక్షలు, 2022లో 50 లక్షలు. ఇటీవల కొందరు ఆ పేరు వద్దని ఖోయ్‌సాన్ గుర్తింపు కోరుతున్నారు, నల్లవారిమని చెప్పుకునేవారూ ఉన్నారు. మొత్తం జనాభాలో వాటా 8.9 నుంచి 8.2కు తగ్గింది కూడా. అయినా బలవంతపెట్టే చట్టం పోయి మూడు దశాబ్దాలు దాటాక ఇన్ని లక్షల మంది ఆ పేరు చెప్పుకుంటున్నారంటే, దాన్ని తెల్ల గుమస్తాలు మిగులు జనానికి వేసిన ముద్రగానే చూడటం ఇక కుదరదు. ముద్ర వాళ్లది, పేరు మాత్రం ఇప్పుడు వీళ్లది.