మౌంట్ పట్టిక: కెర్నెల్ నోటితోనే చెప్పించడానికి పట్టిన కాలం

ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ల ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ను లినక్స్ కంప్యూటర్‌కు పెట్టగానే, అది మామూలు ఫోల్డర్‌లా తెర మీద కనిపిస్తుంది. విండోస్‌లో మాదిరిగా దానికి ‘ఇ’ అనో ‘ఎఫ్’ అనో వేరే అక్షరం రాదు. హార్డ్‌డిస్కు, పెన్‌డ్రైవ్, ఎక్కడో ఉన్న సర్వర్ అన్నీ ఒకే మూల ఫోల్డర్ కింద సర్దుకుంటాయి. ఇలా ఒక ఫైల్‌సిస్టమ్‌ను ఫోల్డర్‌కు కలపడమే మౌంట్.

అయితే ఏది ఎక్కడ కలిసిందో ప్రోగ్రాములకు ఎలా తెలియాలి? ఖాళీ జాగా లెక్క చెప్పే ‘డీఎఫ్’ కమాండ్‌కూ, పెన్‌డ్రైవ్‌ను భద్రంగా విడదీసే బటన్‌కూ, బ్యాకప్ తీసే ప్రోగ్రాముకూ ఆ సంగతి కావాలి. అసలు లెక్క ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉన్న కెర్నెల్ దగ్గర. దాని చేత నేరుగా చెప్పించడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో పెరిగిన యూనిక్స్‌లో ఈ లెక్క కోసం ‘ఎమ్‌టాబ్’ అనే చిన్న ఫైలు ఉండేది. రాసేది కెర్నెల్ కాదు, మౌంట్ కమాండే. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో ఒక్కో నమోదుకు 64 బైట్లు: మొదటి 32 మౌంట్ అయిన చోటికి, తర్వాతి 32 డిస్కు పేరుకు. ఆ పట్టిక మనుషులు చూసుకోవడానికే ఉందనీ, ఒకే పేరు రెండుసార్లు వచ్చినా మౌంట్ కమాండ్ పట్టించుకోదనీ మాన్యువల్ ముందే చెప్పేసింది. నిజాయతీ గల హెచ్చరిక అది. అయినా తర్వాతి ప్రోగ్రాములు ఆ పట్టికనే ప్రమాణంగా తీసుకున్నాయి.

చిక్కు అక్కడే మొదలైంది. లాకుల దగ్గర లస్కరు రిజిస్టర్‌లో షట్టర్ దించినట్టు రాసి ఉంటుంది. కాలువ గట్టెక్కి చూస్తే నీళ్లు పారుతూనే ఉంటాయి. ఎమ్‌టాబ్‌ది కూడా ఆ రిజిస్టర్ పరిస్థితే. కరెంటు పోయి యంత్రం ఆగిపోతే పాత నమోదులు అలాగే మిగిలిపోతాయి. బూట్ అయ్యేటప్పుడు మూల ఫైల్‌సిస్టమ్ ఇంకా చదవడానికి మాత్రమే తెరిచి ఉంటే, అందులో రాయడమే కుదరదు. మౌంట్ కమాండ్‌తో పని లేకుండా ఏదైనా ప్రోగ్రాము నేరుగా కెర్నెల్‌నే అడిగి మౌంట్ చేయించుకుంటే, ఆ సంగతి ఎమ్‌టాబ్‌కు ఎక్కదు.

లినక్స్ దీనికి చూపిన మార్గం ‘ప్రాక్’ అనే ఫోల్డర్ కింద ఉండే ‘మౌంట్స్’ అనే ఫైలు. ఫైలంటున్నా అది డిస్కు మీద ఎక్కడా ఉండదు. చదవబోయిన క్షణంలో కెర్నెల్ తన జ్ఞాపకంలోని లెక్కను అక్షరాలుగా పేర్చి ఇస్తుంది. 2000లో యూనిక్స్ సంతతికే చెందిన సోలారిస్ 8 కూడా తన పట్టికను ఇలాగే మార్చుకుంది. బీఎస్‌డీ వాళ్లు మాత్రం ‘గెట్‌ఎఫ్ఎస్‌స్టాట్’ అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను నేరుగా అడిగే దారి, పెట్టి, సమాధానాన్ని యంత్రానికి అనువైన రూపంలోనే ఇచ్చారు. లినక్స్ పద్ధతిలో గొప్ప సుగుణం ఒకటుంది: ఏ విద్యార్థి అయినా ఒక్క కమాండ్‌తో తెరిచి కళ్లారా చదువుకోవచ్చు. ఇబ్బందీ ఉంది. వరుసలో అంశాలను విడదీసేది ఖాళీయే కాబట్టి, పేరులో ఖాళీ ఉంటే కెర్నెల్ దాని బదులు బ్యాక్‌స్లాష్, దాని వెంట 040 రాస్తుంది. ‘వీరమ్మ తిరునాళ్ల’ అనే ఫోల్డర్‌లో మౌంట్ చేస్తే తెలుగు అక్షరాలు చెక్కుచెదరవు, నడుమనున్న ఖాళీ మాత్రం అంకెలుగా మారుతుంది. ఇది తెలియక రాసిన ప్రోగ్రాము ఆ ఫోల్డర్‌ను కనుక్కోలేదు.

2002లో వచ్చిన 2.4.19 కెర్నెల్‌తో ప్రశ్నే మారిపోయింది. అల్ వైరో తెచ్చిన మౌంట్ నేమ్‌స్పేస్‌ల వల్ల ఒక్కో ప్రాసెస్‌కు తనదైన మౌంట్ లెక్క ఉండొచ్చు. అంటే ‘ఏవి మౌంట్ అయ్యాయి?’ అన్న ప్రశ్నకు అడిగినవారిని బట్టే జవాబు. ప్రోగ్రాములను విడివిడిగా నడిపే కంటైనర్లకు ఉన్న పునాదుల్లో ఇదొకటి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్‌కు ఎంత స్టోరేజీ కనబడాలన్న నియంత్రణలోనూ దీని వాడకం ఉంది. పాత ‘మౌంట్స్’ ఫైలులోని ఆరు గడుల వరుస ఇంత చిక్కుముడిని చెప్పలేదు. అందుకే ఐబీఎమ్‌లో పనిచేసిన రామ్ పాయ్ కృషితో 2008లో, 2.6.26 కెర్నెల్‌లో ‘మౌంట్‌ఇన్ఫో’ వచ్చింది. ప్రతి మౌంట్‌కూ ఒక సంఖ్య, దాని తల్లి మౌంట్ సంఖ్య, మార్పులు ఎవరెవరితో పంచుకుంటుందన్న వివరం అందులో చేరాయి.

వేల మౌంట్లున్న సర్వర్లలో ఇదీ భారమైంది. ఒక్క మౌంట్ మారినా, ఏది మారిందో తెలియక ప్రోగ్రాము మొత్తం పాఠాన్ని మళ్లీ చదవాలి. పైగా విడదీసిన మౌంట్ సంఖ్యను కెర్నెల్ ఇంకోదానికి ఇచ్చేయవచ్చు. 2024 మార్చిలో విడుదలైన 6.8 కెర్నెల్‌లో మిక్లోస్ సెరెడి రాసిన ‘లిస్ట్‌మౌంట్’, ‘స్టాట్‌మౌంట్’ అనే రెండు సిస్టమ్ కాల్స్ చేరాయి. మొదటిది సంఖ్యల జాబితా ఇస్తుంది, రెండోది అడిగిన ఒక్క మౌంట్ గురించే చెబుతుంది. ఇవి వాడే సంఖ్యలు 64 బిట్లవి, మళ్లీ మరో మౌంట్‌కు పోనివి.

పాత ఎమ్‌టాబ్ పేరు నేటి లినక్స్‌లోనూ ఉంది, కెర్నెల్ ఇచ్చే పాఠానికి దారి చూపే లింకుగా. కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ దొరికే విద్యార్థులు టెర్మినల్ తెరిచి ‘ఫైండ్‌మౌంట్’ కమాండ్, అంటే ఎఫ్ఐఎన్‌డీఎమ్ఎన్‌టీ అన్న ఏడు అక్షరాలు, కొట్టి చూడండి. తర్వాత మౌంట్‌ఇన్ఫోను తెరిచి, రెంటినీ వరుస వరుసగా పోల్చి చదవండి.