జీతాల పట్టీలో పేరుంటేనే పసిబిడ్డకు నీడ
బస్తీ తల్లులకు అందని శిశు సంరక్షణ

తల్లి పనికి వెళ్లిన వేళ బిడ్డను ఎవరు చూడాలి? మన చట్టాలు ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం ఆ తల్లి ఎక్కడ పనిచేస్తున్నదన్న దానిపైనే ఆధారపడి ఉన్నది. పెద్ద సంస్థలో ఉద్యోగిని అయితే ఒక సమాధానం, కేంద్ర ప్రభుత్వోద్యోగిని అయితే మరొక సమాధానం. నాలుగిళ్లలో అంట్లు తోమే స్త్రీకి మాత్రం సమాధానమే లేదు. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నదికి చేరువన ఉన్న భుయ్యాడీహ్ వంటి బస్తీలలో ఈ తేడా కుటుంబాల నెలసరి లెక్కల్లోనే బయటపడుతుంది.

కార్మిక సంక్షేమంలో దేశానికి దారి చూపిన నగరంలో ఈ పరిస్థితి ఉండటం గమనార్హం. ఇక్కడి ఉక్కు కర్మాగారం 1912లోనే 8 గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని, 1920లో వేతనంతో కూడిన సెలవును, 1928లో ప్రసూతి ప్రయోజనాన్ని ప్రవేశపెట్టింది. దేశమంతటికీ వర్తించే ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో గాని రాలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి టాటానగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలను ఆకర్షించినదీ ఈ ఉద్యోగ భద్రతే. అయితే ఆ సదుపాయాలు కర్మాగారం జీతాల పట్టీలో పేరున్నవారికి ఉద్దేశించినవి. ఆ పట్టీకి వెలుపల, నగరం చుట్టూ వెలసిన బస్తీలలో ఇళ్లపని, కూలిపని, చిల్లర వ్యాపారం చేసుకునేవారికి అవి వర్తించలేదు.

50 మంది ఉంటేనే

మహిళా కార్మికులు 30 మందికి మించి ఉన్న కర్మాగారాలు క్రెచ్, అంటే శిశు సంరక్షణ కేంద్రం నిర్వహించాలని ఫ్యాక్టరీల చట్టం చాలాకాలం నిర్దేశించింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు స్త్రీ పురుష భేదం లేకుండా 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెచ్ ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు 4 సార్లు బిడ్డను చూసిరావడానికి అనుమతించాలని విధించారు. మొదటి ఇద్దరు పిల్లల విషయంలో వేతనంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ హక్కులను కొనసాగించింది.

ఇళ్లపని చేసే స్త్రీకి 50 మంది సహోద్యోగులు ఎక్కడినుంచి వస్తారు? ఆమె యజమాని సంస్థ కాదు, ఒక కుటుంబం. కూరగాయల బండి నడిపే స్త్రీకి యజమానే లేడు. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. అందులో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తక్కిన రోజులకు 80 శాతం లభిస్తుంది. బస్తీ తల్లి ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోయినట్టే.

ఇంటి బడ్జెట్‌లో దాగిన ఖర్చు

ఉదాహరణకు, నెలకు తండ్రి 12,000 రూపాయలు, తల్లి 8,000 రూపాయలు సంపాదించే ఇంట ఏడాదిన్నర బిడ్డ ఉన్నదనుకుందాం. బిడ్డను చూసేవారికి 2,000, పాలు, చిరుతిండికి 600 వెచ్చిస్తే మొత్తం 2,600 రూపాయలవుతుంది. బిడ్డకు జ్వరం వచ్చి తల్లి 5 రోజులు మానితే సుమారు 1,300 రూపాయలు తెగిపోతాయి. తల్లి సంపాదనలో చేతికి మిగిలేది 4,100. ఈ మాత్రానికి పనికి వెళ్లడమెందుకన్న మాట ఇంట్లో వినిపిస్తుంది.

ఈ లెక్కలోనే పొరపాటున్నది. బిడ్డ ఇద్దరిదీ కాగా, ఖర్చు తల్లి జీతంలోంచి మాత్రమే తీసివేస్తున్నారు. 2,600 రూపాయలు తల్లి సంపాదనలో దాదాపు మూడో వంతుగా కనిపిస్తుంది. మొత్తం కుటుంబ ఆదాయమైన 20,000లో అది 13 శాతమే. ఇంటద్దె, బియ్యం మాదిరిగానే శిశు సంరక్షణను ఉమ్మడి పద్దు కింద రాసుకుంటే, తల్లి పని మానడం వల్ల కలిగే నష్టం స్పష్టమవుతుంది.

ఖర్చు లేదనిపించే మార్గం మరొకటి ఉన్నది. బడికి వెళ్లే అక్కను ఇంటి దగ్గర ఉంచడం. నగదు లెక్కలో ఇది ఉచితమే. దాని అసలు ఖరీదు ఆ ఆడపిల్ల చదువు.

నగదు సాయం సరిపోతుందా?

ప్రభుత్వ సాయంలోనూ జీతాల పట్టీ భేదం కనిపిస్తుంది. నెలకు 8,000 రూపాయల జీతంపై చట్టం వర్తించే ఉద్యోగిని అయితే 26 వారాల ప్రసూతి సెలవుకు సుమారు 48,000 రూపాయలు పొందుతుంది. అంతే సంపాదించే అసంఘటిత కార్మికురాలికి ప్రధాన మంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు లభిస్తాయి. రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఇస్తారు.

జార్ఖండ్ ప్రభుత్వం 2024 ఆగస్టులో మయ్యా సమ్మాన్ యోజన ప్రారంభించి అర్హులైన మహిళలకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వసాగింది. ఆ డిసెంబరులో దానిని 2,500కు పెంచింది. పై ఉదాహరణలోని ఖర్చుకు ఈ మొత్తం దాదాపు సరిపోతుంది. కాని చేతిలో సొమ్ము ఉన్నంత మాత్రాన వీధిలో క్రెచ్ వెలవదు. బిడ్డను నమ్మకంగా అప్పగించే చోటు కూడా ఉండాలి.

అంగన్‌వాడీయే ఆధారం

ఆ చోటు కొత్తగా వెదకనక్కరలేదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నేడు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలుగా విస్తరించింది. 6 ఏళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండీ అంగన్‌వాడీ లేని మురికివాడ కోరితే 3 నెలల్లో కేంద్రం నెలకొల్పాలని సుప్రీం కోర్టు 2006 డిసెంబరులో ఆదేశించింది. అయితే అంగన్‌వాడీ నడిచేది కొన్ని గంటలే. 3 ఏళ్ల లోపు బిడ్డకు ప్రధానంగా అందేది ఇంటికిచ్చే పోషకాహారం. తల్లికి కావలసింది రోజంతా బిడ్డను చూసే మనిషి.

ఈ లోటు పూడ్చేందుకు 2006లో రాజీవ్ గాంధీ జాతీయ క్రెచ్ పథకం వచ్చింది. 2017 నాటి నిబంధనల ప్రకారం ఒక్కో కేంద్రంలో 25 మంది పిల్లలను రోజుకు ఏడున్నర గంటలు చూడాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం నెలకు 20 రూపాయలు చెల్లిస్తే చాలు. 2022లో ఈ పథకాన్ని మిషన్ శక్తిలో చేర్చి ‘పాల్నా’గా మార్చారు. అంగన్‌వాడీలోనే క్రెచ్ నడపాలన్నది కొత్త ఆలోచన. ఆలోచన సరైనదే. 2025-26 నాటికి నిర్దేశించుకున్న లక్ష్యం మాత్రం 17,000 కేంద్రాలు. 14 లక్షల అంగన్‌వాడీలలో ఇది నూటికి రెండు కూడా కాదు.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1997లో తల్లి ఉద్యోగంతో నిమిత్తం లేకుండా రోజుకు 5 డాలర్ల రుసుముతో సంరక్షణ అందించసాగింది. అనంతరం అక్కడ ఉద్యోగాలు చేసే తల్లుల శాతం గణనీయంగా పెరిగింది. సంపన్న దేశపు ఖర్చును యథాతథంగా మనం భరించలేకపోవచ్చు. కాని సాయం యజమానిని బట్టి కాక బిడ్డను బట్టి అందాలన్న సూత్రానికి సంపదతో పనిలేదు.

పాల్నా వ్యయంలో కేంద్రం 60 శాతం, జార్ఖండ్ వంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. బస్తీలలోని అంగన్‌వాడీలను ఎంపిక చేసి, పనివేళలు పొడిగించి, సిబ్బందికి తగిన వేతనమిస్తే భుయ్యాడీహ్ తల్లికి కావలసింది నడిచి వెళ్లేటంత దూరంలోనే దొరుకుతుంది. అప్పుడు అక్క బడికి వెళ్లగలుగుతుంది.