అంగుష్ఠమాత్రులూ ఆకాశమంతవాళ్ళూ

విశాఖ జిల్లా భీమునిపట్నానికి భీముడివల్లే ఆ పేరు వచ్చిందనీ, బకాసురుణ్ణి ఆయన చంపింది ఇక్కడేననీ స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటారు. అటు నిజామాబాద్ జిల్లా బోధన్‌లోనూ ఇదే మాట వినిపిస్తుంది. బకాసురుడు పీడించిన ఏకచక్రపురం మాదేనంటారు అక్కడివాళ్ళు. మనుషుల్ని తినే రాక్షసుడి కథను సొంతం చేసుకోవడానికి రెండు ఊళ్ళు ముందుకొస్తున్నాయంటే, ఆ కథలో ఏదో గట్టి ఆకర్షణ ఉన్నట్టే. గాజువాకలో వినాయక చవితికి ఏటేటా నిలబెట్టే భారీ విగ్రహాలనే చూడండి. తలెత్తితే గాని ముఖం కనిపించని ఆ దేవుడికి వాహనం ఎలుక! మహాకాయులూ మరీ చిన్నవాళ్ళూ మనుషుల మధ్య తిరిగే కథలు భయంవల్లో వింతవల్లో నచ్చుతాయని సాధారణంగా అనుకుంటాం. భయమూ వింతా మొదటిసారి విన్నప్పుడు పనిచేస్తాయి. నూరోసారి కూడా వినాలనిపించడానికి కారణం వేరే ఉంది. పెద్దరికమూ చిన్నతనమూ ఎవరికీ శాశ్వతం కావనీ, పక్కనున్నవాళ్ళను బట్టి మారిపోతాయనీ ఈ కథలు కళ్ళకు కట్టిస్తాయి. పెద్దవాడైనప్పుడు ఎలా నడుచుకోవాలో, చిన్నవాడైనప్పుడు ఎలా నిలబడాలో మనచేత ఆలోచింపజేస్తాయి.

సుందరకాండలో హనుమంతుడు సముద్రం దాటుతుంటే సురస నోరు తెరిచి అడ్డుపడుతుంది. ఆయన పెరిగేకొద్దీ ఆ నోరూ పెరిగి నూరు యోజనాలవుతుంది. ఇక పెరగడంవల్ల లాభం లేదని గ్రహించి, బొటనవేలంతై నోట్లోకి దూరి బయటికి వచ్చేస్తాడు. ఎప్పుడు పెరగాలో ఎప్పుడు తగ్గాలో తెలియడమే అక్కడ గెలుపు. మూడడుగుల నేల అడిగిన వామనుడు మూడు లోకాలూ చాలని త్రివిక్రముడవుతాడు. జొనాథన్ స్విఫ్ట్ 1726లో అచ్చువేసిన గలివర్ యాత్రల బలమూ ఇక్కడే ఉంది. ఆరంగుళాలు కూడా లేని మనుషుల దేశంలో గలివర్ కొండంతవాడు. తర్వాత చేరిన దేశంలో ఒక రైతు అరచేతిలో ఇమిడిపోయేవాడు. మొదటి దేశపు రాజు పొరుగు దేశాన్ని బానిసగా చేసి పెట్టమంటే గలివర్ ఒప్పుకోడు. అదే మనిషి రెండో దేశంలో తుపాకిమందు గొప్పతనం చెప్పబోతే, ఆ మహాకాయుల రాజు అసహ్యించుకుంటాడు. మనిషి ఒకడే. కొలత మారగానే అతని మంచీ చెడూ కొత్తగా బయటపడ్డాయి.

ఈ విషయాన్ని మన వాలఖిల్యుల కథ ఇంకా లోతుగా చెబుతుంది. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనే ఉందది. కశ్యపుడి యజ్ఞానికి ఇంద్రుడు కొండంత కట్టెల మోపు మోసుకొస్తుంటాడు. బొటనవేలంతైనా లేని వాలఖిల్య మునులు అందరూ కలిసి ఒక్క మోదుగు పుల్లను మోస్తూ, ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీళ్ళలో చిక్కుకుంటారు. ఇంద్రుడు నవ్వి, వాళ్ళను దాటుకుని వెళ్ళిపోతాడు. ఆ అవమానంతో వాళ్ళు చేసిన తపస్సు ఫలమే గరుత్మంతుడు. అదే గరుత్మంతుడు ఒకనాడు వాలిన మర్రికొమ్మ విరుగుతుంది. ఆ కొమ్మకు తలకిందులుగా వేలాడుతున్న వాలఖిల్యులను చూసి, వాళ్ళు కిందపడకుండా కొమ్మను ముక్కున కరుచుకుని ఎగురుతాడు. ఇంద్రుడూ బలవంతుడే, గరుత్మంతుడూ బలవంతుడే. ఇద్దరి మధ్య తేడా కాళ్ళకింద ఉన్నవాళ్ళను చూసిన తీరులో ఉంది.

ఇవన్నీ జరగని పనులని సైన్సు చెబుతుంది కదా అనవచ్చు. నిజమే. మనిషి ఎత్తు పదింతలైతే ఎముక అడ్డుకోత వైశాల్యం నూరింతలే అవుతుంది, బరువు మాత్రం వెయ్యింతలవుతుంది. ఒక్క అడుగు వేస్తే తొడ ఎముక విరుగుతుంది. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లోనే వివరించాడు. 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ దీన్ని సామాన్యులకు చెప్పడానికి ఒక వ్యాసంలో కథల్లోని రాక్షసకాయులనే ఉదాహరణగా తీసుకున్నాడు. తర్వాత భారతదేశానికి వచ్చి స్థిరపడి, చనిపోయాక తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇమ్మని కోరిన శాస్త్రవేత్త ఆయన. స్నానం చేసి వచ్చిన మనిషి ఒంటిమీద అరకిలో నీరుంటే, తడిసిన ఈగ తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని మోయాలని అదే వ్యాసంలో రాశాడు. గిట్ట గుంటలో వాలఖిల్యులు పడ్డ అవస్థ అచ్చం ఇదే! కొలత మారితే లోకంలోని ప్రమాదాలే మారిపోతాయని కథకులు ముందే ఊహించారు. 2012లో వచ్చిన 'ఈగ' సినిమా మనల్ని కట్టిపడేసింది కూడా ఈ కారణంగానే: మనకు లెక్కలోకి రాని వస్తువులన్నీ ఆ చిన్న ప్రాణికి గండాలూ ఆయుధాలూ అయ్యాయి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పొట్టివాళ్ళను ఎగతాళి చేయడానికి ఇలాంటి కథలు ఊతమిచ్చాయనే మాట కొట్టిపారేయలేం. మన సినిమాల్లో పొట్టితనాన్ని హాస్యానికి వాడుకున్న సన్నివేశాలకు లెక్కలేదు. మరుగుజ్జుతనాన్ని వైకల్యంగా గుర్తించి 2016 చట్టం హక్కులు కల్పించాక కూడా ఆ నవ్వు ఆగలేదు. అయితే ఆ నవ్వు ఇంద్రుడి నవ్వే. పాత కథ దాన్ని తప్పుగా చూపి, దానికి ఫలితం కూడా అనుభవింపజేసింది. చిన్నవాళ్ళ వైపు నిలబడి చెప్పిన కథలో సగం తెంచేసి, నవ్విన భాగాన్ని మాత్రమే ఉంచుకోవడం మన తప్పు.

విశాఖవాసులకు ఈ కథలు దూరపు ముచ్చట్లు కావు. 1933లో ఓడలకు తెరుచుకున్న రేవు, భారీ బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్న ఉక్కు కర్మాగారం ఇక్కడి మనిషిని రోజూ చిన్నవాణ్ణి చేస్తాయి. ఆ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకోవడంలో ఒక ఆశ ఉంది: ఇంత పెద్దది మనకు అన్నం పెట్టాలి, మనల్ని మింగకూడదు. బకాసురుడి ఊళ్ళో వంతులవారీగా బండెడు అన్నమూ రెండు దున్నపోతులూ ఒక మనిషీ వెళ్ళేవారు. ఎవరి ఇంటి వంతు వస్తే ఆ ఇల్లే ఏడ్చేది. కర్మాగారం కోసం ఊళ్ళు వదిలిన నిర్వాసితుల కుటుంబాలకు ఆ వంతు ఎంత బరువో తెలుసు. అదే సమయంలో, ఆ కర్మాగారాన్ని సాధించింది కూడా చిన్నవాళ్ళే. 1966లో ఉక్కు కర్మాగారం విశాఖకు రావాలని అమృతరావు అనే నాయకుడు నిరాహారదీక్షకు కూర్చుంటే విద్యార్థులూ కార్మికులూ వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మోదుగు పుల్ల మోసినవాళ్ళు గరుత్మంతుణ్ణి పుట్టించడమంటే ఇదే. అందుకే ఈ కథలను పిల్లలకు పూర్తిగా చెప్పాలి, పెద్దలమూ పూర్తిగా వినాలి. ఒక పెద్ద సంస్థ, పెద్ద ప్రభుత్వం, పెద్ద యంత్రం ఎంత గొప్పవో వాటి ఎత్తును బట్టి తేల్చకూడదు. కొమ్మ విరిగినప్పుడు దానికి వేలాడుతున్నవాళ్ళను అవి ఎంతవరకు కాపాడాయో అడగాలి. ఆ ప్రశ్న అడగడం నేర్పుతున్నంతకాలం ఈ కథలకు వయసు మీరదు.