అల్లిక: తల్లి చేతి నుంచి కూతురి చేతికి

మన ఇళ్ళలో ఆస్తుల లెక్క తీసినప్పుడు ఇల్లు, స్థలం, బంగారం గుర్తుకు వస్తాయి. కొన వంగిన ఒక చిన్న సూది, ఒక నూలు ఉండ, వాటితోపాటు తల్లి నుంచి కూతురికి అందిన నేర్పు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. ఉర్దూలో క్రోషియా అని, తెలుగులో లేసు అల్లిక అని పిలిచే ఈ పనిని గురించి ఈ నెల పాఠకులతో కొన్ని మాటలు పంచుకోదలచాము.

మందమర్రి బొగ్గుగనుల ఊరు. ఇక్కడ ఇంటి దినచర్య గని షిఫ్టులను అనుసరించి నడుస్తుంది. మగవారు నైట్ షిఫ్టుకు వెళ్ళి, పిల్లలు నిద్రపోయిన తరువాత మా అమ్మీ అల్లిక అందుకునేవారు. ఆ విద్యను ఆమె తమ తల్లి వద్ద నేర్చుకున్నారు. మా చెల్లెళ్ళకు, ఆపై మనుమరాళ్ళకు నేర్పారు. ఖుర్ఆన్ షరీఫ్‌కు గిలాఫ్, నమాజు టోపీ, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేవారికి ఊలు స్వెట్టర్ అన్నీ ఆ చేతుల మీదుగా వచ్చినవే.

ఒక టోపీ అల్లడంలో ఎంత లెక్క ఉందో చూడండి. ముందుగా కొన్ని గొలుసు కుట్లు వేసి, వాటిని కలిపి చిన్న వలయం చేస్తారు. దాని చుట్టూ వరుస వెంట వరుస సాగుతుంది. ప్రతి వరుసలో సమాన దూరాలలో కుట్లు పెంచుతూ పోతే పైభాగం చదునుగా వస్తుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు తిరుగుతుంది, తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది. తల కొలతకు చేరగానే పెంచడం ఆపాలి. ఓర్పు, లెక్క, నిదానం ఇందులో ఒకేసారి అలవడతాయి.

చేతిపనిని ఇస్లాం చిన్నచూపు చూడలేదు. ఒక స్త్రీ స్వయంగా నేసిన దుప్పటిని తీసుకువచ్చి, తాము ధరించాలని కోరగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దానిని అవసరంతో స్వీకరించి ధరించారని హజ్రత్ సహల్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజియల్లాహు అన్హా) తమ చేతులతో పనిచేసి, వచ్చిన దానిని దానం చేసేవారు. ప్రవక్త సతీమణులలో పొడవైన చేతులు గలవారు అన్న మాట ఆమెకే వర్తించింది.

అయితే ఈ విద్యకు గౌరవం ఒక ఎత్తు, దాని ప్రతిఫలం మరొక ఎత్తు. మన మంచిర్యాలను ఆనుకొని పారే గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో నరసాపురం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతంలో నేర్పిన లేసు అల్లిక అక్కడ వేలాది స్త్రీలకు జీవనాధారమైంది, విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కానీ ఆ స్త్రీల స్థితిగతులను పరిశీలించిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఒక చేదు నిజాన్ని బయటపెట్టారు. ప్రపంచ మార్కెట్ కోసం గంటల తరబడి అల్లుతున్నా, వారిని పనివారుగా ఎవరూ లెక్కించలేదు. వారు గృహిణులు, అది తీరిక వేళ కాలక్షేపం అన్నారు. వారిలో గోషా పాటించే హిందూ కుటుంబాల స్త్రీలు కూడా ఉన్నారు. గడప దాటనవసరం లేని పని అన్న సౌకర్యమే కూలి తగ్గించడానికి సాకుగా మారింది.

ఇది మన ఇళ్ళకూ వర్తించే పాఠం. మా బంధువులలో ఒక ఆమె నెలరోజులు శ్రమించి అల్లిన బల్లగుడ్డకు బేరగాడు చేతిలో పెట్టినది నూలు ఖర్చుకు కొంచెం పైచిలుకు మాత్రమే. "ఇంట్లో ఊరికే కూర్చుని అల్లినదే కదా" అన్నాడట. ఆ మాటను ఇంటి మగవారు కూడా కాదనలేదు.

పురుషులు సంపాదించిన దానిలో పురుషులకు, స్త్రీలు సంపాదించిన దానిలో స్త్రీలకు భాగం ఉందని అన్నిసా సూరా 32వ ఆయత్ తెలుపుతున్నది. భార్య సంపాదన భార్యదే. ఆమె సంపాదిస్తున్నదని ఇంటి ఖర్చు భరించే బాధ్యత భర్త మీద నుంచి తొలగిపోదు. కనుక అల్లిక మీద వచ్చే ప్రతి రూపాయి అల్లిన చేతికే చేరాలి. పట్టిన నూలు ఎంత, పట్టిన గంటలు ఎన్ని అన్నది ఒక పుస్తకంలో రాసుకోవాలి. కూతురికి కుట్లతో పాటు ఈ లెక్క కూడా నేర్పాలి. మనం కొనేవారమైతే గీచి గీచి బేరమాడకుండా, వెంటనే కూలి చెల్లించాలి.

క్రోషియాలో ముడి వేయని చివరి కుట్టును పట్టి లాగితే నెలల పని క్షణాల్లో విడిపోతుంది. గట్టిగా వడికిన నూలును తానే ముక్కలు చేసుకున్న స్త్రీని ఉదాహరిస్తూ అన్నహ్ల్ సూరా 92వ ఆయత్ మాట తప్పేవారిని హెచ్చరించింది. పనివారికి ఇచ్చిన మాట కూడా మాటే. ఈ చలికాలంలో మనుమరాలిని నానీ పక్కన కూర్చోబెట్టండి, మొదటి వలయం వేయించండి. ఆమె అల్లిన మొదటి టోపీకి ఇంటివారే సరైన ధర ఇచ్చి కొనండి. అల్లాహ్ మన స్త్రీల శ్రమలో శుభం ప్రసాదించుగాక! ఆమీన్.