కాపలా చేప - తవ్వే రొయ్య

ఒకే ఇంట్లో ఇద్దరు కాపురం ఉంటారు. ఒకరికి చూపు సరిగా ఆనదు. కాని ఇల్లు తవ్వడంలో దిట్ట. రెండోవారి చూపు బహు చురుకు. కాని ఇల్లు తవ్వుకోవడం చేతకాదు. ఎవరో చెప్పగలరా?

మొదటిది ఒక రొయ్య. రెండోది ఒక చిన్న చేప. ఆ చేపను రొయ్య గోబీ అంటారు. మన చెరువుల్లో, ఏళ్ళలో దొరికే ఇసుక దొందుకు ఇది సముద్రంలో ఉండే చుట్టం.

వెచ్చని సముద్రాల్లో, పగడపు దిబ్బల పక్క ఇసుకలో ఈ జంట కనిపిస్తుంది. రొయ్య పగలంతా బొరియలోని ఇసుకను బయటికి నెడుతూ ఉంటుంది. చేప వాకిట్లో కూర్చుని కాపలా కాస్తుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడు తన పొడవాటి మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. శత్రువు కనబడితే చేప తోకను గబగబా ఆడిస్తుంది. అంతే! రొయ్య వెనక్కి తగ్గి లోపలికి పోతుంది. అపాయం మరీ దగ్గరైతే చేప కూడా బొరియలోకి దూకుతుంది. ఎర్రసముద్రంలోని ఇలాంటి జంటలను గురించి లూథర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1958లో వివరంగా రాశాడు.

ఈ రొయ్యలు పిస్టల్ రొయ్యల జాతికి చెందినవి. వీటి కొండి టప్పున మూసుకుంటే తుపాకి పేలినట్లు చప్పుడవుతుంది. కొండి అంచులు కొట్టుకోవడం వల్లనే ఆ చప్పుడు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి కొండి మూసుకున్న వేగానికి నీటిలో ఒక బుడగ పుడుతుంది. ఆ బుడగ చితికినప్పుడే చప్పుడు వస్తుందని 2000లో శాస్త్రజ్ఞులు చూపించారు.

ఉప్పు ఉంటే చాలదా?

ఈ జంటను ఇంట్లో గాజుతొట్టిలో పెంచవచ్చు. అయితే చేపను తేవడానికి ముందు దానికొక చిన్న సముద్రాన్ని తయారు చేయాలి.

మీరు హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ దగ్గర ఉంటున్నారనుకోండి. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కాని ఉస్మాన్‌గంజ్ టోకు బజారు. అక్కడ దొడ్డు ఉప్పు బస్తాలకు కొదవ లేదు. ఆ ఉప్పూ సముద్రం నుంచి వచ్చిందే కదా, నీళ్ళలో కలిపితే సరిపోదా?

సరిపోదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో 30 గ్రాముల వరకు సోడియం, క్లోరిన్‌లే. మిగిలిన 5 గ్రాములలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవి ఉంటాయి. నౌపడా, చినగంజాం వంటి చోట్ల ఉప్పు మడుల్లో నీరు ఇంకేటప్పుడు మెగ్నీషియం లవణాల కంటే ముందే మామూలు ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం లవణాలు చాలావరకు అడుగున మిగిలిన చేదు నీటిలో ఉండిపోతాయి. ఆ నీటిని పారబోస్తారు. రొయ్య పెంకు గట్టిపడడానికి కాల్షియం కావాలి. కాబట్టి అన్ని లవణాలూ సరైన పాళ్ళలో కలిపి అక్వేరియం కోసం అమ్మే ఉప్పునే వాడాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను కూడా ముందుగా పోగొట్టాలి.

ఎండాకాలం లెక్క

మీ తొట్టిలో 100 లీటర్ల నీరు, 3,500 గ్రాముల లవణాలు ఉన్నాయనుకోండి. అంటే లీటరుకు 35 గ్రాములు. ఎండకు 10 లీటర్లు ఆవిరైపోయాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఇప్పుడు 3,500ను 90తో భాగించండి. లీటరుకు దాదాపు 39 గ్రాములు!

నాలుగు గ్రాములే కదా అనకండి. సముద్రపు చేప ఒంట్లోని ద్రవం కంటే బయటి నీరే ఎక్కువ ఉప్పన. అందువల్ల ద్రవాభిసరణం ద్వారా దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప నీరు తాగి, ఎక్కువైన ఉప్పును బయటికి పంపిస్తుంది. ఉప్పు హఠాత్తుగా పెరిగితే ఆ పని తలకు మించినదవుతుంది.

అందుచేత ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. హైడ్రోమీటరుతో సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో చూస్తూ ఉండాలి. నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే, కుండలో నీరు చల్లబడినట్లే తొట్టి చల్లబడుతుంది. కాని నీరు మరింత త్వరగా ఆవిరవుతుందని మరచిపోకండి!

కంటికి కనబడని పనివాళ్ళు

చేప విసర్జనలనుంచి, మిగిలిన మేతనుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. కొన్ని రకాల బాక్టీరియా దానిని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపను తేకూడదు. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు కొంత నీరు మార్చాలి.

రొయ్య తవ్వుకోవడానికి అడుగున నాలుగు వేళ్ళ మందాన ఇసుక, గులకరాళ్ళు వేయండి. పెద్ద రాళ్ళను ఇసుకమీద కాక, తొట్టి అడుగు గాజుమీదే కుదురుగా నిలపండి. లేకపోతే రొయ్య కింద తవ్వినప్పుడు రాయి కూలి రెండూ నలిగిపోతాయి. అలంకారానికి పగడాలు ఏరుకు రావద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది. బెదిరిన గోబీ పైకి ఎగిరి బయట పడుతుంది. కాబట్టి తొట్టిపై సన్నని వలమూత తప్పదు.

ముందు మీకు పరీక్ష

ఇలాంటి చేపలు ఎక్కువగా సముద్రంలో పట్టి తెచ్చినవే. మన అజాగ్రత్తకు అవి ప్రాణాలతో మూల్యం చెల్లించకూడదు. అందుకని ముందు చేప లేకుండా ఈ ప్రయోగం చేయండి.

ఒక బేసినులో 10 లీటర్ల నీరు పోసి 350 గ్రాముల దొడ్డు ఉప్పు కరిగించండి. నీటిమట్టం దగ్గర గీత గీయండి. రోజూ అదే వేళకు గీతదాకా మంచినీరు పోస్తూ, ఎంత పట్టిందో పుస్తకంలో రాయండి. అర లీటరు తగ్గిన రోజున నీరు పోయకముందు లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు ఉన్నట్లు? లెక్క కట్టండి. జవాబు 37కు దగ్గరగా రావాలి.

ఇలా 30 రోజులు, పరీక్షలు వచ్చినా, ఊరికి వెళ్ళవలసి వచ్చినా మరొకరికి అప్పగించి, ఒక్కరోజైనా తప్పకుండా చేయగలిగారా? అయితే వాకిట్లో కాపలా కాసే ఆ చేపకు కాపలా కాయడానికి మీరు తగినవారే.