మూత తీయని నీళ్ల సీసా

ఆషాఢం సేల్ నడుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపు, రెండో అంతస్తు. ఆదివారం సాయంత్రం నాలుగైంది. నా ముందు పరిచిన చీరలు అప్పటికే పదిహేను దాటాయి. ఒక్కటీ నచ్చలేదని చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. కౌంటర్ వెనకున్న అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. "ఇంకో రంగు చూపించాల్నా మేడమ్" అంటూనే కుడికాలు చెప్పులోంచి తీసి ఎడమ పిక్కకు రాసుకుంటోంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. కౌంటర్‌కు ఆమె వైపు స్టూలు లేదు. అద్దాల అర కింద ఆమె నీళ్ల సీసా ఉంది. పొద్దున ఇంటి దగ్గర నింపుకొచ్చిన నీళ్లు మెడదాకా అలాగే ఉన్నాయి.

తాగలేదేమని అడిగాను.

"తాగితే పోవాలె గద మేడమ్."

బాత్రూమ్ నాలుగో అంతస్తులో ఉందట. వెళ్లాలంటే ఫ్లోర్ మేనేజర్‌కు చెప్పాలి. ఆయన పక్క సెక్షన్ నుంచి ఇంకో మనిషిని పిలిచి కౌంటర్ అప్పగించాలి. గిరాకీ దంచుతున్న రోజున, అదీ ఒక మగమనిషిని, ఆ మాట అడగడానికి నోరు రాదు. అందుకని ఆమె దాహాన్నే చంపుకుంటోంది.

ఉద్యోగంలో ఒత్తిడి అనగానే పత్రికలు ఎప్పుడూ ఒకే బొమ్మ వేస్తాయి: లాప్‌టాప్ ముందు తల పట్టుకున్న యువతి. ఒత్తిడంటే తలలో ఉండేదని, యోగాకో ధ్యానానికో తగ్గిపోయేదని దాని అర్థం. ఈ అమ్మాయి ఒత్తిడి తలలో లేదు. మూత్రాశయంలో ఉంది, పిక్కల్లో ఉంది, నడుములో ఉంది. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే దారి నాలుగు సెంటీమీటర్లే. క్రిములు లోపలికి చేరడానికి ఆ దూరం చాలా తక్కువ. నీళ్లు బాగా తాగి తరచూ వెళ్తుంటేనే అవి కొట్టుకుపోతాయి. తాగకుండా, వెళ్లకుండా పది గంటలు గడిపితే మంట, చలిజ్వరం, మందుల చీటీ. నెల తిరిగేసరికి మళ్లీ అదే మంట. ఇక కాళ్ల సంగతి. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు పనిచేయదు. రక్తం కిందే నిలిచిపోతుంది, చీలమండలు వాస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ నరాలు మెలికలు తిరిగి చర్మం మీదికి తేలతాయి. వీటికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు తెలంగాణలో నూటికి 57 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైగా తేలారు. మనకు చీరలు విప్పి చూపించేది ఆ రక్తంతోనే.

కూర్చోవడం కోసం పోరాడిన ఆడవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు బట్టల షాపులకు పేరుపడ్డ వీధి. అక్కడ కుట్టుపని చేసుకునే విజి, షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి 2009లో 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. వాళ్లు ముందు అడిగింది జీతం పెంచమని కాదు, మరుగుదొడ్డి కట్టమని. తర్వాత కూర్చునే హక్కు. ఏళ్ల తరబడి సాగిన ఆ పోరాటం వల్ల 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ మాట ఫ్యాక్టరీ గేటు దాటి కేరళ షాపుల్లోకి రావడానికి 70 ఏళ్లు పట్టింది.

ఆ పోరాటం స్టూలు కోసమే కాదని నాకనిపిస్తుంది. నా శరీరం మీద నాకు కాస్త పెత్తనం కావాలని వాళ్లు అడిగారు. ఒత్తిడి మీద పరిశోధనలు చెప్పిందీ అదే. పని ఎంత ఎక్కువన్నది ఒక్కటే చూస్తే చాలదని అమెరికాలో రాబర్ట్ కరాసెక్ 1979లో రాశాడు. పని చేతినిండా ఉండి, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు చేతిలో లేనప్పుడే అది మనిషిని తినేస్తుందన్నాడు. అమెరికాలోనే ఆరోగ్యరంగంలో ఉన్న 22 వేల మందికి పైగా మహిళలను సుమారు పదేళ్లు గమనించిన అధ్యయనం 2012లో అచ్చయింది. అలాంటి కొలువుల్లో ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే ముప్పు, ఒత్తిడి తక్కువున్నవాళ్లతో పోలిస్తే 38 శాతం ఎక్కువని తేలింది.

శరీరం లోపల జరిగేది ఇది. మేనేజర్ కేక వినగానే అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, వెనకాలే కార్టిసాల్ వస్తుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది, బీపీ లేస్తుంది. ఆ ఘడియ దాటితే అన్నీ సర్దుకోవాలి. కేకలు రోజంతా ఉంటే సర్దుకునే తీరిక ఉండదు. అండాశయాలను నడిపించే ఆజ్ఞ మెదడు నుంచే రావాలి. ఒత్తిడి ముదిరితే ఆ ఆజ్ఞ తడబడుతుంది, నెలసరి వెనకాముందవుతుంది. ఎన్నాళ్లుగానో ఇలా ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏం తింటున్నారని అడుగుతారు, ఎంతకు నిద్రపోతారని అడుగుతారు. మీ సూపర్‌వైజర్ ఎలాంటివాడని అడిగిన డాక్టర్ నాకింకా తగల్లేదు.

మగవాళ్లకు మాత్రం ఒత్తిడి లేదా అంటే, ఉంది. తేడా సాయంత్రం మొదలవుతుంది. స్వీడన్‌లో మరియానే ఫ్రాంకెన్‌హాయజర్ వోల్వో కంపెనీ మేనేజర్ల ఒత్తిడి హార్మోన్లను కొలిచి 1989లో ఆ వివరాలు ప్రచురించింది. ఆఫీసు అయిపోగానే మగవాళ్లలో అవి దిగిపోయాయి. ఆడవాళ్లలో నార్అడ్రినలిన్ దిగకపోగా ఇంకా పెరిగింది. ఇంటి దగ్గర వాళ్లకు రెండో డ్యూటీ ఎదురుచూస్తోంది మరి. మన సంగతి చూడాలంటే 2024 నాటి కేంద్ర సర్వే ఉంది: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. కుక్కర్ ఈలలు లెక్కపెట్టే ఆ వేళ శరీరం దృష్టిలో విశ్రాంతి కాదు. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బా కట్టే అమ్మాయికి ఇది చెప్పనక్కర్లేదు. శరీర గడియారాన్ని తలకిందులు చేసే షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే చేర్చింది.

పని శరీరాన్ని ఎందాకా నెట్టగలదో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చూపించింది. అక్కడి చెరకు కోతకు మొగుడూపెళ్లాలను జంటగా మాట్లాడుకుంటారు, అడ్వాన్సు ముందే ఇస్తారు. ఒక్కరోజు మానినా జరిమానా. నెలసరి వస్తే పడుకునే వీలు లేదు, తోటలో నీళ్లుండవు, చాటు ఉండదు. అందుకని గర్భసంచే తీయించుకున్నారు. 2019లో ప్రభుత్వ కమిటీ 82 వేల మందికి పైగా ఆడకూలీలను విచారిస్తే 13 వేల మందికి పైగా ఆ ఆపరేషన్ అయినట్టు తేలింది. మనం దూరంగా నిలబడి జాలిపడే కథ కాదిది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. "తీసేయించుకుంటే పీడ పోతుంది, పనికి పోవచ్చు" అన్న మాట మన ఊళ్లలో వినని వాళ్లెవరు? అండాశయాలు కూడా పోతే ముప్పై అయిదేళ్లకే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది, గుండెకున్న కాపు పోతుంది.

గుండె గురించి ఇంకొక్క మాట. ఆడవాళ్లకు గుండెపోటు చాలాసార్లు ఛాతీ నొప్పి ఒక్కటిగా రాదు. దవడ లాగుతుంది, వీపులో పోటు, వాంతి వచ్చినట్టుంటుంది, ఎన్నడూ లేని నిస్సత్తువ. గ్యాసేమో అనుకుని ఈనో తాగి డ్యూటీకి వెళ్లిపోతారు. దయచేసి వెళ్లకండి. ఆ పూట సెలవు పెట్టి ఈసీజీ తీయించుకోండి.

ఆ రోజు చివరికి ఒక గద్వాల చీర తీసుకున్నాను. పక్కనే చుట్టాలింట్లో భోంచేసి రాత్రి పదింటికి బస్టాపుకొచ్చేసరికి ఆ అమ్మాయి అక్కడే ఉంది. షాపు బయట నేను మేడమ్‌ను కాదు, అక్కను. ఆమె వెళ్లాల్సింది అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి. బస్టాపులో బల్ల ఉన్నా కూర్చోలేదు, కూర్చుంటే మళ్లీ లేవలేనంది. భుజాన సంచిలోంచి సీసా మెడ పైకి కనిపిస్తోంది. నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఇప్పుడైనా తాగమ్మా" అన్నాను.

"బస్సుల గంట పడతదక్కా. ఇంటికి పోయినంక తాగుత."

బస్సొచ్చింది. సీట్లు నిండిపోయి ఉన్నాయి. ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది.